బోల్తాపడిన బండి – ఉక్కు పంజరం

నెల్లూరు పట్టణానికి తూర్పుగా, కోడూరు సముద్రపుటొడ్డు వరకు వ్యాపించిన తోటపల్లి గూడూరు ప్రాంతం పెన్నానది నీటితో పండే మాగాణి. ఇక్కడి బాటలు చాలవరకు కాలువగట్ల మీదనో, మడుల నడుమ ఎత్తుగా పోసిన కట్టల మీదనో సాగుతవి. ఒక ప్రక్క నీరు, మరొక ప్రక్క పల్లపు మడి, కాదంటే రొయ్యలగుంట. ఇట్టి బాట మీద బండి అదుపు తప్పినదంటే ఎదురుగా దేనినో ఢీకొనడం కన్న ప్రక్కకు ఒరిగి బోల్తాపడడమే సహజం. ఎడ్లబండ్ల కాలంలో ఈ ఆపదకు ఉపాయం ఒక్కటే ఉండేది. బండి ఒరుగుతున్నదనగానే దూకడం. బండి నడక మెల్లన, దాని ఎత్తు తక్కువ, క్రింద ఉండేది బురద. దూకినవాడు బట్టలు దులుపుకొని లేచేవాడు. ఆ ఉపాయం ఆ బండికి తగినదే.

మోటారు వచ్చినది. వేగం పదిరెట్లు పెరిగినది. కాని మనిషి మనస్సులో ఎడ్లబండి నాటి ఉపాయమే మిగిలిపోయినది. కారు తలక్రిందులైతే బయటకు విసిరివేయబడినవాడే అదృష్టవంతుడనీ, లోపల చిక్కినవాడు నలిగిపోతాడనీ సామాన్యులే కాదు, మోటారు పందేలలో ప్రపంచప్రసిద్ధులైనవారు సైతం చాలకాలం నమ్మినారు. దూకడమా, లోపలనే ఉండడమా అన్న ఈ ప్రశ్నకు జవాబు దొరకడానికి దాదాపు అర్ధశతాబ్దం పట్టినది. ఆ జవాబుకు ఒక రూపం ఉన్నది. ఇంగ్లీషులో దానిని రోల్ కేజ్ అంటారు. మనం ఉక్కుపంజరం అనుకొందాము.

పంజరమంటే మరేమీ కాదు. కారు లోపల, సీట్ల చుట్టును, పైకప్పుకు దిగువగా, ఉక్కుగొట్టాలను వంచి అతికి నిలిపిన చట్రం. నడిపేవాని వీపు వెనుక ఒక పెద్ద కమాను ఉంటుంది. ముందు అద్దం అంచున మరొక కమాను ఉంటుంది. ఆ రెంటిని కలుపుతూ పైన కమ్మీలు, తలుపులకు అడ్డంగా కమ్మీలు, వెనుకకు ఏటవాలు ఊతలు ఉంటవి. కారు పల్టీలు కొట్టినప్పుడు పైకప్పు రేకు అణగిపోయినా, ఈ చట్రం అణగక, మనిషి కూర్చున్న చోటును మిగుల్చుతుంది. చేసే పని ఇంతే. ఇంతపాటి పని చేయడానికి అది ఎన్ని షరతులు పెడుతుందో చెప్పడమే ఈ ప్రసంగం ఉద్దేశం.

ఈ కథ మొదట ఆకాశంలో ఆరంభమైనది. 1917లో, మొదటి ప్రపంచయుద్ధం జరుగుతూ ఉండగా, హ్యూ డి హేవెన్ అనే అమెరికా యువకుడు టెక్సాసులో విమానం నడపడం నేర్చుకొంటూ, మరొక విమానంతో ఢీకొని నేల కూలినాడు. బ్రతికినాడు కాని, కడుపులోని అవయవాలు తీవ్రంగా గాయపడినవి. మంచం మీద పడుకొని అతడు ఆలోచించినది ఒక విచిత్రమైన విషయం. తాను కూర్చున్న గది విరగలేదు. అందువలననే ప్రాణం మిగిలినది. తనను చీల్చినది విమానం పడిన దెబ్బ కాదు; నడుముకు కట్టిన బెల్టు మీది గట్టి బిళ్ళ. అంటే, మనిషిని చంపేది పడడం కాదు, పడినప్పుడు దేనికి తగులుతాడన్నది. ఎత్తైన మేడల మీదినుండి పడి బ్రతికినవారిని పరిశీలించి 1942లో అతడు ఒక వ్యాసం ప్రకటించినాడు. పిమ్మట కార్నెల్ విశ్వవిద్యాలయంలో ప్రమాదాల గాయాలను గురించిన పరిశోధన నడిపినాడు. గాజుసామాను పెట్టెలో పెట్టి పంపేవాడు ఏ జాగ్రత్తలు తీసుకొంటాడో మనిషిని బండిలో పెట్టేవాడు కూడ అవే జాగ్రత్తలు తీసుకోవాలన్నది అతని వాదం. పెట్టె గట్టిగా ఉండాలి. లోపలి వస్తువు కదలకుండ ఉండాలి. తగిలే చోట మెత్త ఉండాలి. ఈ మూడింటిని శ్రోతలు గుర్తుంచుకొన్నచో తరువాతి చరిత్ర అంతా సులభంగా బోధపడుతుంది. ఏలనంటే, ఆ మూడింటిలో ఒకదానిని చేపట్టి తక్కినవాటిని మరచిన ప్రతిసారీ మనుషులు మరణించినారు.

పందెపుకార్ల సంగతి చూడండి. 1952లో మోంజాలో మహావీరుడు ఫాంజియో కారు అదుపు తప్పి, అతనిని బయటకు విసిరినది. మెడయెముక విరిగినా బ్రతికినాడు. ఇట్టి ఉదాహరణలను చూసి, బెల్టు కట్టుకోకుండ ఉండడమే క్షేమమని పందెగాండ్రు అనుకొనేవారు. విసిరివేయబడి మరణించినవారు సాక్ష్యం చెప్పడానికి మిగలరు కదా! 1961లో ఫార్ములా వన్ కార్లకు నడిపేవాని తల వెనుక ఉక్కుకమాను తప్పనిసరి అని నియమం చేసినారు. మంచిదే. కాని మనిషిని సీటుకు కట్టివుంచే ఆరుపట్టీల బెల్టు తప్పనిసరి అయినది 1972లో! పదకొండేండ్లపాటు పెట్టె గట్టిది, లోపలి వస్తువు మాత్రం వదులు. కారు తలక్రిందులైతే కమాను నిలుస్తుంది. దాని నీడలో ఉండవలసిన మనిషి మాత్రం అక్కడ ఉండడు. ఈ నడిమికాలంలోనే, 1970 సెప్టెంబరు 5న, అదే మోంజాలో యోఖెన్ రింట్ మరణించినాడు. అతడు భుజాల పట్టీలు కట్టుకొన్నాడు. కాళ్ళ నడుమనుండి వచ్చే పట్టీలను మాత్రం త్వరగా దిగవచ్చునని వదలివేసేవాడు. దెబ్బ తగలగానే శరీరం క్రిందికి జారి, బెల్టు బిళ్ళ గొంతుకు తగిలినది. ఆ ఏటి ప్రపంచ విజేత పదవి అతనికి మరణానంతరం దక్కినది. సగం కట్టుకొన్న బెల్టు ఎంత పని చేస్తుందో చెప్పడానికి ఇంతకన్న నిదర్శనం వద్దు.

మామూలు కార్లను తయారుచేసేవారి ఆలోచన మరొక త్రోవన సాగినది. ఆస్ట్రియాలో పుట్టిన బేలా బారెన్యి అనే ఇంజనీరు 1951లో మెర్సిడిస్ కంపెనీ పక్షాన ఒక పేటెంటుకు దరఖాస్తు పెట్టినాడు. కారును మూడు భాగాలు చేసి, నడుమ మనుషులు కూర్చునే గదిని మాత్రం గట్టిగాను, ముందు వెనుకలను కావలెనని నలిగిపోయేటట్లుగాను కట్టాలని అతని సూచన. అంతకుముందు ఎంత గట్టి కారైతే అంత మేలు అనుకొనేవారు. ఇతడు నలగడమే రక్ష అన్నాడు. 1959లో వచ్చిన మెర్సిడిస్ కార్లలో ఆ సూత్రం ఆచరణకు వచ్చినది. అదే 1959లో స్వీడనులో నిల్స్ బోలిన్ వోల్వో కార్లకు మూడుకొసల సీటుబెల్టును సమకూర్చినాడు. ఈ బోలిన్ పూర్వోద్యోగం ఏమిటో తెలుసునా? ఆపదలో విమానంనుండి వైమానికుని బయటకు విసిరే సీట్లను తయారుచేయడం. మనిషిని బయటకు ఎగురవేసే విద్య నేర్చినవాడే, నేల మీది బండిలో మనిషి కదలక కూర్చుండడమే మేలని తేల్చి, దానికి సాధనం కనిపెట్టినాడు. దూకడమా, ఉండడమా అన్న ప్రశ్నకు ఆనాటితో జవాబు వచ్చినదని నా అభిప్రాయం.

ఇక మన ప్రాంతానికి వద్దాము. తోటపల్లి గూడూరునుండి నెల్లూరు చేరి, అక్కడినుండి మదరాసుకు పోయే పెద్దబాటను పట్టి, గూడూరు, నాయుడుపేట, సూళ్ళూరుపేట, తడ దాటి దక్షిణంగా పోతే, మదరాసు చేరబోయే ముందు షోలవరం వస్తుంది. అక్కడ రెండవ ప్రపంచయుద్ధకాలపు విమానస్థలం ఒకటి ఉన్నది. 1953లో ఏర్పడిన మదరాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు ఆ పాడువడిన రన్‌వేల మీద మోటారు పందేలు నడిపినది. దక్షిణదేశంలో మోటారు పందెపు విద్యకు అదే మొదటి బడి. అంబాసిడర్లు, ఫియట్లు, హెరాల్డులు, అంటే ఆదివారం పందెంలో పరుగెత్తి సోమవారం ఆఫీసుకు పోదగిన వీథికార్లే, అక్కడ పోటీపడినవి. ఇరువది, ముప్పది ఏండ్లపాటు ఈ సందడి సాగినది. తరువాత 1990లో శ్రీపెరుంబుదూరు వద్ద ఇరుంగాట్టుకోటలో పందేలకే ప్రత్యేకించిన బాట ఏర్పడినది.

ఈ విద్యను కోయంబత్తూరు వారు పైకి తెచ్చినారు. అక్కడి నాయుడు కుటుంబాలలో తెలుగు ఇంటిభాష అని మన శ్రోతలు ఎరుగుదురు. 1920లో పొల్లాచి – పళని బాట మీద ఒక్క బస్సుతో ఆరంభించి గొప్ప రవాణా సంస్థను నెలకొల్పిన జి. డి. నాయుడుగారు ఆ ఊరివారే. లక్ష్మీ మిల్లులు స్థాపించిన కుప్పుస్వామి నాయుడుగారి వంశంలో పుట్టిన ఎస్. కరివర్ధన్ షోలవరంలో పందేలు నడిపి, అంతటితో తృప్తిపడక, పందెపుకార్లను మనదేశంలోనే తయారుచేయడానికి పూనుకొన్నాడు. మారుతి 800 కారు యంత్రాన్ని తీసుకొని, గొట్టాల చట్రం మీద ఒక్కరు కూర్చునే కారును నిర్మించి, 1980ల చివరలో ఫార్ములా మారుతి పోటీలకు దారి తీసినాడు. వీథికారు మీద రేకు తొడుగు ఉంటుంది. ఇందులో అది లేదు, చట్రమే కారు. తల వెనుక కమాను కూడ ఆ చట్రంలోని భాగమే గాని తరువాత తగిలించినది కాదు. ఆ తేడా చిన్నది కాదు; దానిని గురించి మరల చెప్పుతాను. ఫార్ములా మారుతిలో ఓనమాలు దిద్దుకొన్న కోయంబత్తూరు యువకుడు నారాయణ్ కార్తికేయన్ 2005లో ఫార్ములా వన్‌లో పోటీచేసిన మొదటి భారతీయుడైనాడు. ఆ యేడు అక్టోబరులో షాంఘైలో అతని కారు గోడకు తగిలి తునాతునకలైనది. అతడు మాత్రం తనంతట తాను నడిచి వచ్చినాడు. కరివర్ధన్ ఆ దినం చూడలేదు. 1995లో చిన్న విమానం కూలి మరణించినాడు. కోయంబత్తూరులోని పందెపుబాటకు ఆయన పేరు పెట్టినారు.

పందేలలో వాడే పంజరానికి అంతర్జాతీయ సమాఖ్య పెట్టిన నియమాలను చదివితే, ఇది ఎంత నికరమైన విద్యో తెలుస్తుంది. గొట్టం అతుకు లేనిదై ఉండాలి. చల్లని స్థితిలో సాగదీసిన ఉక్కు కావాలి. పెద్ద కమానుకు 45 మిల్లీమీటర్ల వ్యాసం, రెండున్నర మిల్లీమీటర్ల మందం ఉండాలి. లేదా 50 మిల్లీమీటర్ల వ్యాసం, రెండు మిల్లీమీటర్ల మందం. పంజరం కాళ్ళు కారు అడుగురేకును తాకే ప్రతిచోట కనీసం మూడు మిల్లీమీటర్ల మందం, 120 చదరపు సెంటీమీటర్ల వైశాల్యం గల ఉక్కుపలక ఉండాలి. హెల్మెట్ తగిలే అవకాశమున్న ప్రతి కమ్మీకి, నిప్పు అంటుకోని గట్టి మెత్త తొడగాలి. మెత్త అంటే చేతితో నొక్కితే అణగే స్పాంజి కాదు. అది తలకు తగిలే దెబ్బను తాను తీసుకొనేటంత బిగువైనది. ఇవన్నీ ఉన్న పోటీలలో కూడ మృత్యువు రాకుండ పోలేదు. 2023 జనవరి 8న ఇరుంగాట్టుకోటలో, చాలకాలపు అనుభవంగల ఒక పోటీదారు కారు మరొక కారుకు తగిలి, బాట వదలి, తలక్రిందులు కాగా ఆయన మరణించినారు. పంజరం రక్షరేకు కాదు.

పంజరం తానే ఓడిపోవడం కూడ ఉన్నది. 2022 జులై 3న ఇంగ్లండులో సిల్వర్‌స్టోన్ పందెంలో ఝౌ గ్వాన్యు అనే చైనా యువకుని కారు బోల్తాపడి, తలక్రిందుగా గులకరాళ్ళ వరకు జారుకొంటూ పోయినది. తల వెనుకనున్న కమాను విరిగిపోయినది. 2018నుండి నడిపేవాని ముఖానికి ముందుగా, పైగా అమర్చుతున్న హేలో అనే టైటానియం వలయం ఆ బరువును మోసి అతనిని కాపాడినది. ఆ వలయాన్ని మొదట పెట్టినప్పుడు కారు అందం చెడినదని నొచ్చుకొన్నవారు చాలమంది. మన హైదరాబాదువారు 2023 ఫిబ్రవరి 11న హుసేన్‌సాగరం గట్టున ఫార్ములా ఈ పందెం చూసినప్పుడు, ఆ విద్యుత్తు కార్లన్నిటికిని ఆ వలయం ఉన్నది. దానిని గమనించినవారు ఎందరో!

ఇంతవరకు విన్నవారికి ఒక ఆలోచన రావడం సహజం. అంత మేలు చేసే పంజరాన్ని మన కారులో కూడ పెట్టించుకొంటే ఏమి? కాలువగట్ల మీద తిరిగే జీపుకు వెనుక ఒక పెద్ద కమాను తగిలించి, దానికి నాలుగు దీపాలు పెట్టి తిరిగే యువకులను నెల్లూరు వీథులలో చూస్తూనే ఉన్నాము. వారి ధైర్యాన్ని నేను తప్పుపట్టను. కాని డి హేవెన్ చెప్పిన మూడు మాటలతో ఆ బండిని పరీక్షించి చూడాలి.

పందెగాడు తలకు హెల్మెట్ పెట్టుకొంటాడు, అయిదారు పట్టీలతో సీటుకు బిగింపబడి ఉంటాడు. వీథికారులో కూర్చున్నవాడు బోడితలతో, మూడుకొసల బెల్టుతో ఉంటాడు. ఆ బెల్టు కొంత సాగుతుంది. సాగాలి కూడ, లేకుంటే రొమ్ముయెముకలు విరుగుతవి. ప్రమాదంలో తల ప్రక్కకు, ముందుకు, పైకి గణనీయంగా కదలుతుంది. కారు తయారుచేసినవారు ఆ కదలికను లెక్కగట్టి, తల తగిలే చోట్ల మెత్తని పదార్థమో గాలిసంచియో ఉంచినారు. ఇప్పుడు ఆ ఖాళీలోనే మనం ఇనుపగొట్టాన్ని నిలిపినాము! బోల్తాపడడం అటుంచి, వెనుకనుండి ఒక లారీ మెల్లగా తగిలినా చాలు, కణత వెళ్ళి కమ్మీకి కొట్టుకొంటుంది. ఎన్నడో రాగల ఆపదకు ఏర్పాటుచేసి, తరచుగా వచ్చే ఆపదను ప్రాణాంతకం చేసుకొన్నట్లయినది. ప్రక్క గాలిసంచులు ఉన్న కారులోనైతే అవి విచ్చుకొనే దారికి కూడ ఈ గొట్టాలే అడ్డం.

బారెన్యి సూత్రం కూడ ఇక్కడ జ్ఞాపకం ఉంచుకోవాలి. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే కారు గోడకు తగిలి, ముందుభాగం 60 సెంటీమీటర్లు నలిగి ఆగినదనుకొందాము. లోపలివాని మీద పడే బలం సగటున అతని బరువుకు సుమారు 24 రెట్లు. అదే కారు బిగువెక్కి 30 సెంటీమీటర్లే నలిగితే 47 రెట్లు. పంజరపు గొట్టాలను ముందుకు సాగించి చక్రాల స్ప్రింగుల చోటికి కట్టే అలవాటు ఒకటి ఉన్నది. పందెంలో కారు మలుపు తిరగడానికి అది సాయం చేస్తుంది. ఇంటికారులో అట్లా చేసినచో నలగవలసిన భాగం నలగక, ఆ దెబ్బ అంతా మనిషికి చేరుతుంది. బరువు మాట కూడ ఉన్నది. పైన చెప్పిన గొట్టం మీటరుకు రెండుకిలోల ఆరువందల గ్రాములు తూగుతుంది. పదిహేను, ఇరువది మీటర్లు పడితే నలభై, యాభై కిలోలు. అందులో మంచిభాగం పైకప్పు వద్దనే ఉంటుంది. బండి బోల్తాపడకుండ కాపాడడానికి కాదు గదా ఇది పెట్టినది. అయినా పైబరువు పెంచి, పడే గుణాన్ని రవంత హెచ్చించినట్లవుతున్నది.

అతికేవాని చేతిపని సంగతి వేరే. అంగడిలో దొరికే నీళ్ళపైపుకు నిలువునా అతుకు ఉంటుంది. గట్టిగా వంచితే ఆ అతుకు వెంబడి విచ్చుతుంది. పలక వేయకుండ గొట్టాన్ని సరాసరి అడుగురేకుకు అతికినచో, బోల్తాపడినప్పుడు అది రేకును పొడుచుకొని క్రిందికి దిగిపోతుంది, అట్టపెట్టెలో మేకు దిగినట్లు. కోడూరు గాలిలో ఉప్పు సంగతి ఆ ప్రాంతపువారికి నేను చెప్పనక్కరలేదు. కిటికీ ఊచలు ఎంతలో తుప్పు పట్టుతవో, తివాచీ క్రింద కనపడని కారు అడుగురేకు కూడ అంతలోనే పట్టుతుంది. తుప్పురేకు మీద నిలిచిన పంజరం చూపుకు మాత్రమే పంజరం. కరివర్ధన్ కారులో కమాను చట్రంలో పుట్టినదని ఇంతకుముందు చెప్పిన మాట ఇందుకే. తరువాత తగిలించిన దానికి పునాది తాను నిలిచిన రేకే.

చట్టం కూడ ఈ విషయంలో మౌనంగా లేదు. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను ప్రకారం, తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదు. 2019 జనవరి 9న సుప్రీంకోర్టు ఈ మాటను మరల స్థిరపరచినది. అంతకుముందే, 2017 డిసెంబరులో, కార్ల ముందు తగిలించే ఇనుపకడ్డీల చట్రాలు ఈ సెక్షనుకు విరుద్ధమని కేంద్రప్రభుత్వం రాష్ట్రాలకు వ్రాసినది. పందేలకు, ర్యాలీలకు ప్రత్యేకించిన కార్ల సంగతి ఆ క్రీడాసమాఖ్య నియమాలకు లోబడి ఉంటుంది.

నిజానికి నేటి మంచి కారులో పంజరం లేదనుకోవడమే పొరపాటు. తలుపుల ప్రక్క స్తంభాలు, పైకప్పు అంచులు, అడుగుపట్టీలు, వీటిని మిక్కిలి గట్టి ఉక్కుతో కలిపి పోతపోసినట్లు చేసిన చట్రం రేకుల వెనుక దాగి ఉన్నది. పైకప్పు ఎంత బరువు మోయాలో అమెరికా 1973లో మొదటిసారి నిర్ణయించినది: కారు బరువుకు ఒకటిన్నర రెట్లు. 2009లో దానిని మూడురెట్లకు పెంచినారు. మన దేశంలో ఎదురుదెబ్బ, ప్రక్కదెబ్బ పరీక్షలు 2017 అక్టోబరునుండి క్రొత్త నమూనాలకు విధించినారు. 2023 అక్టోబరు 1నుండి భారత్ ఎన్‌క్యాప్ పేరుతో నక్షత్రాల లెక్క వచ్చినది. కారు కొనేవాడు వెలను, మైలేజీని అడిగినట్లే ఆ నక్షత్రాలను కూడ అడగడం మంచిది. ఆ దాగిన పంజరం బెల్టు కట్టుకొన్నవానికే పనికివస్తుంది. 2018 ఆగస్టు 29న నందమూరి హరికృష్ణగారు నెల్లూరు జిల్లాలో ఒక వివాహానికి తామే కారు నడుపుకొంటూ బయలుదేరి, నల్గొండ జిల్లా అన్నెపర్తి వద్ద కారు పల్టీలు కొట్టగా బయటకు విసిరివేయబడి మరణించినారు. బెల్టు ధరించి లేరని ఆనాటి వార్తలు తెలిపినవి. తెలుగుదేశమంతా ఎరిగిన మనిషి. గట్టి కారు. పెట్టె ఉన్నది, కట్టు లేదు.

కార్ల మాట ఇంతటితో ఉంచి, తోటపల్లి గూడూరు మడులలోకి మరల దిగుదాము. ఈ ప్రాంతంలో ఉక్కుకమాను నిజంగా కావలసిన బండి వేరొకటి ఉన్నది. అది ట్రాక్టరు. దానికి పైకప్పు లేదు, తలుపులు లేవు, నలిగే ముందుభాగం లేదు. బరువంతా ఎత్తుగా, వెనుకగా ఉంటుంది. దమ్ముచక్రాలు అడుసులో కూరుకొన్నప్పుడు యంత్రపు బలం చక్రాన్ని తిప్పలేక బండినే ఇరుసు చుట్టు పైకి తిప్పుతుంది. ముందుచక్రాలు లేస్తవి. ముక్కాలు సెకనులో తిరిగిరాని స్థితికి చేరుతుంది. ఒకటిన్నర సెకనులో నడిపేవాని మీద పడుతుంది. దూకడానికి వ్యవధి ఏది? కూరుకొన్న చక్రానికి దుంగ కట్టి బయటకు లాగించడం మన రైతులలో ఉన్న అలవాటు. ఆ దుంగ నేలకు తన్నుకొని చక్రం నిలిచిపోతే జరిగేది ఇదే. గెనిమ ఎక్కేటప్పుడు, ఇరుసుకు ఎత్తుగా కట్టి బరువు లాగేటప్పుడు కూడ ఇదే ప్రమాదం. కాలువగట్టు అంచు విరిగి ప్రక్కకు ఒరగడం మరొకటి.

ఈ ఆపదను ముందుగా గుర్తించి చట్టం చేసిన దేశం స్వీడను. బోలిన్ బెల్టు వచ్చిన 1959లోనే, జీతగాండ్రు నడిపే క్రొత్త ట్రాక్టర్లకు రక్షణచట్రం తప్పనిసరి చేసినారు. తరువాతి దశాబ్దాలలో అక్కడ ట్రాక్టరు బోల్తా మరణాలు దాదాపు అంతరించినవి. అమెరికాలో 1976 అక్టోబరు 25 తరువాత తయారై, కూలికి పెట్టుకొన్నవారు నడిపే ట్రాక్టర్లకు ఈ నియమం వచ్చినది; 1985నుండి తయారీదారులు తామే దాదాపు అన్నిటికి అమర్చుతున్నారు. బెల్టుతో కలిపి వాడినచో ఈ చట్రం నూటికి తొంబదితొమ్మిది పాళ్ళు కాపాడగలదని అక్కడి వృత్తిరక్షణ శాఖవారు చెప్పుతారు. మన దేశపు కర్మాగారాలు అమెరికాకు పంపే ట్రాక్టర్లు ఈ కమానుతోనే ఓడ ఎక్కుతవి. ఇక్కడి మడులలో తిరిగేవాటిలో చాలవాటికి అది లేదు. అదే కర్మాగారం, అదే ఇనుము. ఈ తేడా ఎందుకని రైతుసంఘాలవారు ఇంకా గట్టిగా అడగకపోవడం నాకు ఆశ్చర్యం కలిగిస్తుంది. కారుకు అక్కరలేని కమానుకు యువకులు పెట్టే ఖర్చును చూసినప్పుడు ఆ ఆశ్చర్యం రెట్టింపవుతుంది.

ట్రాక్టరు కమాను కథలో కూడ బెల్టు మాట తప్పదు. పైగా అది కొంత తలక్రిందుగా ఉంటుంది. కమాను లేని ట్రాక్టరు మీద బెల్టు కట్టుకోరాదు, ఎందుకంటే అక్కడ ఎడ్లబండి నాటి ఉపాయమే, ఎంత కొద్దిదైనా, మిగిలిన ఆశ. కమాను ఉన్న ట్రాక్టరు మీద బెల్టు కట్టుకొని తీరాలి. కట్టుకోనివాడు బయటకు జారి, తన్ను కాపాడవలసిన కమాను క్రిందనే పడతాడు. మామిడితోటలలో కొమ్మలకు తగలకుండ మడిచే కమానులు కూడ ఉన్నవి. మడిచినంతసేపు అది లేనట్లే. తోట దాటి గట్టు ఎక్కేముందు దానిని లేపి చీల బిగించి, అప్పుడు బెల్టు కట్టుకోవాలి. మడ్‌గార్డు మీద కూర్చుండే రెండవ మనిషికి ఏ కమానూ నీడ ఇవ్వదు. ట్రక్కులో నిలబడి పొలానికి పోయే కూలీలకు అసలే ఇవ్వదు. 2018 జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా వలిగొండ ప్రాంతంలో ట్రాక్టరు ట్రక్కు మూసీ కాలువలో పడినప్పుడు పదిమందికి పైగా మరణించినారు. వారిలో అధికసంఖ్యాకులు పొలంపనికి బయలుదేరిన స్త్రీలు.